టిల్లీ నోట్లో బాతు

ఆర్లిస్ హాగెన్ ఇల్లు రెడ్ నదికి తూర్పున, మిన్నెసోటా రాష్ట్రంలో, మా పక్కనే. ఆమె మరిది ఆర్విల్ పొలం పడమట, డకోటా రాష్ట్రంలో. మధ్యన ఒక వంతెన. బాతుల వేట మా వైపు ముందే ముగుస్తుంది. అవతల ఇంకా కొన్నాళ్లు సాగుతుంది.

భర్త పోయాక అతని తుపాకీ, కొట్టిన బాతును నోట కరిచి తెచ్చే వేటకుక్క టిల్లీ ఆమెకు మిగిలాయి. టిల్లీకి ఇదే చివరి శరదృతువని పశువుల డాక్టరు చెప్పాడు. ఆ ఏడాది బాతులు ఆలస్యంగా దిగాయి. మా వైపు వేట ముగిసిన మర్నాడు నది నిండా వచ్చి కూర్చున్నాయి. అప్పటికి టిల్లీ ఒక్క బాతునూ తెచ్చివ్వలేదు.

"మీ బాతులకి సెలవులు, మావాటికి ఇంకా బడి," అని ఆర్విల్ ఆటపట్టించేవాడు.

"మీరు గురి తప్పుతారనే అన్ని రోజులిచ్చారు," అనేది ఆమె.

కారణం ఆమెకు తెలుసు. ఆకాశంలో వలస బాతులకు దారులున్నాయి. ఒక్కో దారికీ పక్షులెన్నో, తుపాకులెన్నో చూసి రోజులు నిర్ణయిస్తారు. తూర్పు దారిలో తుపాకులు మెండు, అందుకే రోజులు తక్కువ. గీత ఎక్కడో ఒకచోట గీయాలి. మా దగ్గర నది మీద గీశారు.

డకోటాలో వేటకు పరాయి రాష్ట్రం వాళ్లకు అనుమతి వేరు. భర్త ఎన్నడూ తీసుకోలేదు. ఆమె కూడా తీసుకోలేదు, కాబట్టి అవతల కాల్చే వీల్లేదు.

ఒక ఉదయం ఆర్లిస్, నేను టిల్లీతో మా ఒడ్డున నడుస్తుండగా ఆర్విల్ అవతలి ఒడ్డు నుంచి కాల్చాడు. ఆకుపచ్చ తల బాతు నీళ్లలో పడి, వాలుకు మా ఒడ్డు దగ్గరికి కొట్టుకొచ్చింది. చెప్పకముందే టిల్లీ దిగింది. బాతును కరుచుకుని వచ్చి ఆర్లిస్ ముందు కూర్చుని తల ఎత్తింది.

ఆమె చెయ్యి చాపలేదు. వేట మూసిన ఒడ్డున బాతు తన చేతిలో ఉండకూడదని ఆమె పట్టుదల. వంతెన వైపు నడిచింది. టిల్లీ బాతును వదలకుండా వెంట నడిచింది. సగం దూరంలో దాని వెనక కాళ్లు వణికాయి.

తీసుకో, ఎవరు చూస్తారు అన్నాను.

"టిల్లీ చూస్తుంది."

అవతలి ఒడ్డున ఆర్విల్ చెయ్యి చాపాడు. కుక్క మొహం తిప్పుకుంది. ఆర్లిస్‌నే చూస్తూ నిలబడింది. అతను నవ్వబోయి మానేశాడు.

"కొట్టింది నేను, తెచ్చింది అది. ఇక్కడ వేట తెరిచే ఉంది వదినా. పట్టుకో."

ఆమె చేతితొడుగులు తీసింది. టిల్లీ పట్టు వదిలింది. బాతు ఇంకా వెచ్చగానే ఉందట. కాసేపు పట్టుకుని మరిదికిచ్చింది.

తిరిగి వచ్చేటప్పుడు టిల్లీ ఖాళీ నోటితో మా ఇద్దరికన్నా ముందు నడిచింది.