పేరు చిరిగిన కార్డు

వెర్నా హడాక్ అంటే మా ఊళ్ళో తెలియనివాళ్ళు లేరు. ఉక్కు మిల్లు గొట్టాలు పొగ కక్కుతున్న రోజుల్లో పుట్టింది, అవి చల్లారాక కూడా ఊరు వదల్లేదు. పొద్దున్నా సాయంత్రం స్కూలు బస్సు నడిపేది. ఆఖరి పిల్లని దించేశాక మిల్లు వెనక ఖాళీ స్థలానికి వెళ్ళి, వచ్చిన ఆడపిల్లలందరికీ బేస్‌బాల్ నేర్పేది. పైసా తీసుకోలేదు. "ఎందుకమ్మా నీకీ తంటా?" అని ఎవరైనా అంటే, "వీళ్ళలో ఒకతె నాకు కావాలి. ఎవతో తెలీదు, అందుకని అందరికీ నేర్పుతున్నా" అనేది. ఆవిడకి కాస్త తిక్క అని ఊరు సరిపెట్టుకుంది.

ఆ తిక్క పందొమ్మిది వందల అరవై ఒకటి వేసవిలో పట్టుకుంది. అంతకు ముందు ఏడాది పిట్స్‌బర్గ్ బేస్‌బాల్ జట్టు గెలిచిన మత్తు ఇంకా ఊరికి దిగలేదు. వెర్నాకి అప్పుడు పదేళ్ళు. బక్కగా, గుయ్యిమంటూ వెంటపడేది కాబట్టి వీధి పిల్లలు "దోమా" అని పిలిచేవాళ్ళు. బంతి వాళ్ళందరికంటే గట్టిగా విసిరేది. అయినా ఆటలోకి రానిచ్చేవాళ్ళు కాదు. బంతి ముళ్ళపొదల్లో పడితే తెచ్చిపెట్టడానికి మాత్రం దోమ కావాలి. కిరాణా కొట్టువాడి కొడుకు డచ్ ఆ స్థలానికి రాజులాగా వ్యవహరించేవాడు. "ఏ కార్డు మీదైనా ఆడదాని బొమ్మ చూశావా? చూపించు, అప్పుడు విసరనిస్తా" అనేవాడు. బబుల్‌గమ్‌తో పాటు వచ్చే ఆటగాళ్ళ కార్డులు వెర్నా దగ్గర బూట్ల పెట్టె నిండా ఉన్నాయి. అన్నీ మగాళ్ళే.

ఒక మధ్యాహ్నం ముళ్ళపొదల్లో బంతి కోసం దూరితే అక్కడొక కొత్త పిల్ల కూర్చుని ఉంది. మడమలు నేలకి తగిలినప్పుడల్లా బూట్లలో ఎర్రదీపాలు వెలుగుతున్నాయి.

"ఇది ఏ సంవత్సరం?" అని అడిగింది ఆ పిల్ల.

"ఎండ తలకెక్కిందా ఏంటే? అరవై ఒకటి."

"అమ్మయ్య, సరిగ్గానే వచ్చా," అంది. పేరు లేనీ అని చెప్పింది. పాత కార్డు ఒట్టి చేత్తో పట్టుకుని గట్టిగా తలుచుకుంటే దాని మీదున్న సంవత్సరంలోకి వెళ్ళిపోతుందట. అందరికీ రాదట. కొందరు చెవులు ఆడించగలరు చూడండి, అలాంటిదేనట. తిరిగి వెళ్ళడానికి తన సంవత్సరం కార్డు ఒకటి జేబులో ఉందని, అది పోతే ఇక్కడే ఉండిపోవాల్సి వస్తుందని కూడా చెప్పింది.

వెర్నా ఒక్క ముక్క నమ్మలేదు. లేనీ నీళ్ళు తాగడానికి కుళాయి దగ్గరికి వెళ్తూ, తడుస్తుందని కార్డుని రాయి మీద పెట్టింది. బోర్లా పడి తళతళలాడుతున్న ఆ కార్డు వెర్నా కంటబడింది. మా వీధుల్లో పుట్టిన పిల్ల ఏం చేస్తుందో అదే చేసింది. బట్టల క్లిప్పుతో సైకిలు వెనక చక్రానికి బిగించింది. ఊచలకి తగిలి కార్డు మోటారు సైకిల్లా భుర్రుమంటుంది కదా. మామూలు కార్డే అంత మోత మోగితే, ఈ మెరిసేది ఇంకెంత మోగుతుందో అని సరదా. మోగింది కూడా. మూడు వీధులు తిరిగి వచ్చేసరికి క్లిప్పుంది, కార్డు లేదు.

"నా కార్డేది?" అంది లేనీ. విషయం తెలిశాక ఆ పిల్ల మొహంలో నెత్తురు చుక్క లేదు. "నేను ఇంటికెలా వెళ్ళను? అమ్మ వెతుక్కుంటుంది!" అని వెక్కి వెక్కి ఏడ్చింది. అలాంటి ఏడుపు నాటకానికి రాదు. అప్పుడు నమ్మింది వెర్నా.

ఇద్దరూ వచ్చిన దారంతా వెతికారు. కార్డు డచ్ చేతిలో కనిపించింది.

"దొరికినవాడిది," అన్నాడు వాడు.

"పందెం వేస్తావా? గోడ ఆట. నేనోడితే నా పెట్టె మొత్తం నీది."

డచ్ కళ్ళు పెద్దవయ్యాయి. "ఈ చిరుగుడు ముక్క కోసమా? దోమకి మతి పోయిందిరా!"

చెరో కార్డు విసరాలి, ఎవరిది గోడకి దగ్గరగా పడితే వాళ్ళు గెలిచినట్టు. డచ్ కార్డు గోడకి బెత్తెడు దూరంలో ఆగింది. వెర్నా పెట్టెలోంచి ఎమిల్ స్టోబర్ కార్డు తీసింది. ఏ ఆటకీ దిగకుండా బెంచీ మీదే కాలం గడిపినవాడు. ఎవరూ మార్పిడికి కూడా తీసుకోరు కాబట్టి వాడిని విసిరి విసిరి ఆ కార్డు ఆమె చేతికి బాగా అలవాటైపోయింది. ఊపిరి బిగబట్టి కార్డు విసిరింది. స్టోబర్ గాల్లో తేలి, జారి, గోడకి వీపు ఆనించి నిలబడ్డాడు.

"తీసుకుపో," అని డచ్ ఆ మెరిసే కార్డు నేలకేసి కొట్టాడు. "దాని మీదున్నది ఎలాగూ ఆడదే! ఎవడో ఎగతాళికి అచ్చేసినట్టున్నాడు."

వెర్నా వంగి కార్డు తిప్పి చూసింది. నిజమే. పొడుగాటి జడ, ఎడమ చేత్తో బంతి విసరబోతున్న ఆడమనిషి, ఒంటి మీద జట్టు దుస్తులు. వెనక జనం నిండిన స్టేడియం. కింద పేరుండాల్సిన చోటు క్లిప్పు కొరికి, ఊచలు చీరి, ఊడిపోయింది.

"ఎవరీవిడ?"

"చెప్పకూడదు," అంది లేనీ ముక్కు తుడుచుకుంటూ. "చెప్తే ఏమవుతుందో అని భయం."

వెర్నా పిడికిలి బిగుసుకుంది. ఇది దగ్గరుంటే చాలు. రేపు డచ్ మొహాన, టీచరు మొహాన, నాన్న మొహాన పెట్టొచ్చు. బతుకంతా పెట్టొచ్చు. ఎదురుగా ఆ పిల్ల చెయ్యి చాపి నిలబడింది. వెర్నాకి ఏడుపొచ్చింది, కోపం కూడా వచ్చింది. కార్డు ఆ చేతిలో పెట్టి మొహం తిప్పుకుంది. మళ్ళీ చూసేసరికి అక్కడ ఎవరూ లేరు.

ఆ పిల్ల ఇల్లు చేరిందో లేదో చెప్పేవాళ్ళెవరు? చిరిగిన కార్డు పని చేస్తుందా, మధ్యలో ఎక్కడైనా ఆగిపోయిందా? ఆ దిగులు వెర్నాని వదల్లేదు. పెళ్ళయింది, మిల్లు మూతపడింది, బస్సు స్టీరింగు చేతికొచ్చింది. కనిపించిన ప్రతి జడనీ పిలిచి బంతి పట్టించింది. జడలేని వాళ్ళనీ పిలిచింది, జుట్టు పెరక్కపోతుందా అని. ఒకసారి డెలైలా ప్రూట్ అనే అల్లరి పిల్ల బస్సు కిటికీలోంచి ఆపిల్ ముక్క ఎడమ చేత్తో విసిరి రోడ్డు పక్క బోర్డుని టంగుమనిపించింది. వెర్నా తిట్టిన తిట్టు తిట్టకుండా తిట్టి, సాయంత్రం ఆ పిల్లని కూడా స్థలానికి తీసుకెళ్ళింది.

తర్వాత వెర్నా కూతురు తన బిడ్డకి లేనీ అని పేరు పెట్టింది. ఆ పేరు వెర్నా చెప్పింది కాదు. మనవరాలి తొమ్మిదో పుట్టినరోజుకి ఎవరో దీపాల బూట్లు కొనిచ్చినప్పుడు వంటింట్లోకి వెళ్ళి కుళాయి తిప్పి కాసేపు ఏడ్చింది.

పోయిన వేసవిలో లేనీ కొత్త కార్డుల పొట్లం చింపి ఎగిరి గంతేసింది. "అమ్మమ్మా! ఆడవాళ్ళ జట్టు కార్డులొచ్చాయి! మీ డెలైలా చూడు!"

పొడుగాటి జడ, ఎడమ చెయ్యి. ఈసారి కింద పేరు చక్కగా ఉంది. వెర్నా ఆ పేరు మీద వేలు పెట్టి చాలాసేపు తియ్యలేదు. మరికాసేపటికి లేనీ, అమ్మమ్మ బిస్కెట్ల డబ్బాలో దాచుకున్న అరవై ఒకటి నాటి ఎమిల్ స్టోబర్ని తీసి, "దీన్ని పట్టుకున్నా చెయ్యి జివ్వుమంటోందే," అంది.

చెప్పేద్దామనుకుంది వెర్నా. సైకిలున్న బక్కపిల్ల కనిపిస్తే కార్డు చూపించు గానీ చేతిలోంచి వదలకు అని నోటిదాకా వచ్చింది. అప్పుడు పేరు చిరగదు. పేరు చిరక్కపోతే, బక్కపిల్ల ఆ ఒక్కదాని కోసమే కళ్ళు కాయలు కాసేలా ఎదురుచూస్తూ కూర్చునేది. మిగతా పిల్లల్ని ఎవరు పిలిచేవాళ్ళు? అసలు డెలైలా అయినా ఎవరితో ఆడి నేర్చుకునేది? ఆ పిల్లలంతా ఒక్కొక్కరే గుర్తొచ్చారు.

"బూట్ల తాళ్ళు కట్టుకో," అంది అంతే.

లేనీ డెలైలా కార్డు జేబులో వేసుకుంది, స్టోబర్ని పట్టుకుని కళ్ళు మూసుకుంది, మాయమైంది. వెర్నా మెట్ల మీద కూర్చుంది. కాఫీ చల్లారిపోయింది. ఎదురింటి నీడ రోడ్డు దాటింది.

ఇంటి ముందు పొదల్లోంచి ఎర్రదీపాలు వెలిగాయి. మోకాళ్ళనిండా దుమ్ము, బుగ్గల మీద కన్నీటి చారలు, చేతిలో చిరిగిన కార్డు. గుమ్మం దగ్గర ఆగి అమ్మమ్మని ఎగాదిగా చూసింది.

"దోమా?"

"ఇంటికొచ్చావా," అంది వెర్నా. అరవై ఏళ్ళుగా అడగాలనుకున్నది అదొక్కటే.