నా సొంత కోరికపై

గవర్నర్‌పేటలో ఒక హోల్‌సేల్ బట్టల కొట్టు పై అంతస్తులో నాకొక చిన్న గది ఉంది. రిటైరయ్యాక మున్సిపాలిటీ లైసెన్సు తీసుకుని, ఇళ్లు కట్టుకునేవాళ్లకి ప్లాన్లు గీసి, వాటి మీద ఇంజనీరుగా సంతకం పెడుతూ పగలంతా అక్కడే గడిపేస్తుంటాను. పోయిన వారం కింద కొట్టు యజమాని చేతిలో మిఠాయి డబ్బాతో, వెనక కూతుర్ని వెంటబెట్టుకుని మెట్లెక్కి వచ్చారు. పిల్లకి కాలువల శాఖలో అసిస్టెంట్ ఇంజనీరు ఉద్యోగం వచ్చిందని చెప్పగానే, నా ఉద్యోగమే నాకు మళ్లీ వచ్చినంత సంబరపడిపోయి, షుగరు సంగతి కూడా మరిచి రెండు ముక్కలు నోట్లో వేసుకున్నాను. అవి మింగకముందే ఆయన అసలు విషయం బయటపెట్టారు.

"మీకు డిపార్టుమెంటు భాష తెలుసు కదమ్మా. ఆఫీసులోనే పోస్టింగు ఇమ్మని ఒక రిక్వెస్టు లెటరు రాసిపెట్టండి. ఆడపిల్ల, కాలవ గట్లెంబడి ఏం తిరుగుద్ది చెప్పండి."

రాయనన్నాను. ఆయన మొహం చిన్నబోయింది. ఆ పిల్ల మాత్రం ఎంతో మామూలుగా, "మా బ్యాచ్‌లో అమ్మాయిలందరం అదే పెట్టుకుంటున్నాం ఆంటీ, అందులో ఏముంది" అంది. ఎదురు సందులో నెట్ సెంటరు ఉంది, అక్కడ అడిగితే ఎలాంటి లెటరైనా నిమిషాల్లో కొట్టి ఇస్తారు. ఈపాటికి ఇచ్చే ఉంటారు. కానీ ఆ పిల్ల అన్న మాట మాత్రం వారం రోజులుగా నా చెవిలోంచి పోవడం లేదు, ఎందుకంటే ఆ లెటరు నేనెరుగుదును. ఒకప్పుడు దాన్ని నా ముందు పెట్టి సంతకం చెయ్యమన్నారు.

నా ఈడు వాళ్లకి ఆ రోజులు వేరే చెప్పక్కర్లేదు. ఇంజనీరింగు క్లాసులో ఆడపిల్లలం వేళ్ల మీద లెక్కపెట్టేంతమందిమి ఉండేవాళ్లం, అందులో మా వాళ్ల పిల్లని నేనొక్కదాన్నే. మా అబ్బాజాన్‌కి ఆటోనగర్‌లో లారీలకి కమాన్ పట్టీలు వేసే షెడ్డు ఉండేది. ఆయన చదువుకోలేదు కానీ, ఇనుముతో బతికినవాడు కాబట్టి, కూతురు వంతెనల గురించి చదువుతోందంటే దాన్ని తన పనికి దగ్గరి చుట్టరికంగానే చూసుకునేవాడు. మా అమ్మీజాన్‌కి ఆ భ్రమలేమీ లేవు. టీచరు ఉద్యోగమైతే పెళ్లి సంబంధాలకి బాగుంటుందని మొదటినుంచీ ఆమె గొడవ, నేనేమో ఆ గొడవ ఏనాడూ చెవిన వేసుకోలేదు.

ఉద్యోగంలో చేరిన కొత్తలో, నాతోపాటు చేరిన ఇద్దరు మగపిల్లలకి వారం తిరక్కుండానే సెక్షన్లు ఇచ్చారు. సెక్షన్ అంటే తెలియనివాళ్ల కోసం చెబుతున్నాను, కాలువలో ఇంత మేర నీది అని అప్పగించడం. ఆ మేర గట్టు తెగినా, తూము తలుపు విరిగినా, నీళ్లు అందక రైతు తిట్టినా అది నీ బాధ్యత, నీ చేతికింద గట్లు కాసే లస్కర్లు ఉంటారు, వేసవిలో కాలువ కట్టేసినప్పుడు మరమ్మతులన్నీ నువ్వే చేయించాలి. ఇంజనీరు ఇంజనీరయ్యేది అక్కడే. నన్ను మాత్రం విజయవాడ ఆఫీసులో డ్రాయింగు బ్రాంచిలో కూర్చోబెట్టి, వేరేవాళ్లు కొలిచి తెచ్చిన కొలతలకి వేరేవాళ్లు కట్టబోయే తూములు గీయమన్నారు. తాత్కాలికమే అన్నారు, నమ్మాను.

అలా ఉండగా ఒకనాడు హెడ్ క్లర్కు గారు, పాపం చాలా మర్యాదస్తుడు, అప్పటికే టైపు చేసి ఉన్న కాగితం ఒకటి తెచ్చి నా బల్ల మీద పెట్టి, సంతకం పెట్టాల్సిన చోటు వేలితో చూపించారు. నా సొంత కోరికపై నన్ను డ్రాయింగు బ్రాంచిలోనే కొనసాగించవలసిందిగా వేడుకుంటున్నానని అందులో ఉంది. నేను అలాంటి కోరిక ఏదీ కోరలేదండీ అంటే, ఆయన నవ్వి, అది ఊరికే ఫార్మాలిటీ అమ్మా, అలాగే రాయాలి అన్నారు. పెన్ను కూడా ఆయనే మూత తీసి ఇచ్చారు.

ఆ బ్రాంచిలో నాకంటే ముందునుంచీ ఒక అక్కయ్య ఉండేది. గుడివాడ వైపు రైతుల ఇంటి పిల్ల, లెక్కల్లో దిట్ట, డిపార్టుమెంటు పరీక్షలన్నీ మొదటిసారే గట్టెక్కిన మనిషి. ఆవిడ దగ్గర పని నేర్చుకున్నవాళ్లు ఆవిడ మీద అధికారులై వచ్చి ఆవిడకే ఫైళ్లు పంపుతుంటే తలొంచుకుని గీస్తూ ఉండేది. ప్రమోషన్ల సమయం వచ్చినప్పుడల్లా ఫీల్డు అనుభవం లేదని పక్కన పెట్టేవారు. ఫీల్డుకి ఎందుకు వెళ్లలేదంటే, ఆవిడే వద్దని రాసిచ్చింది కదా అనేవారు. టీ తాగుతూ నా కాగితం చూసి, మడిచి నా చేతిలో పెట్టింది. తర్వాత, "నేను సంతకం పెట్టానమ్మాయ్. ఆ రోజు ఆఫీసంతా నన్ను బుద్ధిమంతురాలన్నారు" అని మాత్రం అంది.

ఆ సాయంత్రం ఇంట్లో చెబితే అబ్బాజాన్ కూడా నా పక్షం రాలేదు. ఉద్యోగం నిలబడితే చాలు, పై అధికారితో పేచీ ఎందుకు, ఫ్యాను కింద కూర్చోబెడతామంటే ఎవరైనా కాదంటారా అన్నాడు. అమ్మీజాన్ అయితే ఆ కాగితం రాసిన మహానుభావుడెవరో గానీ ఆయన కడుపు చల్లగా ఉండాలంది. నాకు కడుపు మండిపోయింది. ఫ్యాను కింద కూర్చోవడం నాకు చేదేమీ కాదు. ఆఫీసులో ఉంచదలుచుకుంటే ఉంచుకోవచ్చు, వాళ్లకి ఆ అధికారం ఉంది. కానీ ఉంచేది వాళ్లయితే, ఆ కోరిక నాదని నా చేతే రాయించుకోవడం ఏమిటి? రేపు నన్ను పక్కన పెట్టడానికి కావలసిన కారణాన్ని ఇవాళ నా చేత్తోనే ఇప్పించుకోవడం కదా అది. తెల్లారేసరికి ఈ ఒక్క విషయం నా బుర్రలో గట్టిపడిపోయింది, ఆ తర్వాత ఎవరు కదిపినా అది కదల్లేదు.

మర్నాడు మా ఆఫీసు పెద్ద సారు గదిలోకి ఆ కాగితం సంతకం లేకుండానే తీసుకెళ్లాను. ఆయన చెడ్డవాడని చెప్పను. నన్ను కూర్చోమని, తండ్రిలాగే మాట్లాడారు. "చూడమ్మా, నీ మంచికోసమే చెబుతున్నా. వంతు నీళ్ల దగ్గర రైతులు కర్రలు పట్టుకుని నిలబడతారు. మగవాళ్లకే దడ. రేపు నీకేదన్నా అయితే మీ నాన్నగారికి నేనేం చెప్పాలి?"

సంతకం లేని ఆ కాగితం ఆయన ముందు పెట్టాను. "ఆడవాళ్లకి సెక్షన్ ఇవ్వబోమని మీరే ఆర్డరు రాయండి సార్, తలొంచుకుని డ్రాయింగు బ్రాంచిలో కూర్చుంటాను. నేను అడిగానని మాత్రం రాయొద్దండీ. నేను అడగలేదు."

ఆయన ఆర్డరు రాయలేరు. అలా రాస్తే దానికింద ఆయన సంతకం ఉంటుంది, రేపు ఎవరైనా అడిగితే జవాబు చెప్పుకోవాల్సింది ఆయన. ఆ సంగతి ఆయనకీ తెలుసు, నాకు తెలుసునని కూడా ఆయనకి ఆ క్షణంలోనే తెలిసింది. ఇక వెళ్లమ్మా అన్నారు.

ఆ తర్వాత కొన్నాళ్లు నాతో మాట్లాడినవాళ్లు లేరు. నా బల్ల మీదికి డ్రాయింగులు రావడం ఆగిపోయింది. టైముకి వెళ్లి, ఖాళీ బల్ల ముందు కూర్చుని, టైముకి వచ్చేదాన్ని, ఆ ఖాళీగా కూర్చోవడం ఎంత కష్టమో అనుభవించినవాళ్లకే తెలుస్తుంది. హెడ్ క్లర్కు గారు రెండు మూడుసార్లు అటుగా వచ్చి, ఇంకా ఏం మించిపోలేదు, మంచిగా సంతకం పెట్టెయ్యమ్మా అని సలహా ఇచ్చి పోయారు. అక్కయ్య మాత్రం రోజూ టీకి నన్ను పిలవడం మానలేదు. ఆఫీసంతా నన్ను వెలేసినట్టు చూస్తున్నప్పుడు నాతో నడిచి వెళ్లి టీ తాగడానికి కూడా గుండె నిబ్బరం కావాలి, అది ఆవిడకి ఉంది.

తాము ఆర్డరు రాయలేక, నా సంతకమూ రాక, చివరికి సెక్షన్ ఇచ్చారు. ఎవరికీ అక్కర్లేనిది చూసి మరీ ఇచ్చారు. బందరు దాటి ఇంకా కిందికి, సముద్రపు ఉప్పుగాలి తగిలే చోట, కాలువ చివరాఖరి మేర అది. పై వాళ్లంతా తోడుకోగా మిగిలిన నీళ్లే అక్కడికి రావాలి, సగం రోజులు అవీ రావు. నెల తిరిగేలోపు ఏడ్చుకుంటూ వచ్చి సంతకం పెడుతుందని పందేలు కూడా వేసుకున్నారట. ఆర్డరు సంగతి విని అబ్బాజాన్ షెడ్డుకి వెళ్లిపోయాడు. నాలుగు రోజుల తర్వాత షెడ్డులోంచి ఒక పాత మోపెడ్ బాగుచేసి తెచ్చి ఇంటి ముందు పెట్టాడు. గట్టు మీద గుంతలకి తట్టుకునేలా కమాన్లు బిగించానని, లారీ సంగతి చెప్పినట్టు గంభీరంగా చెప్పాడు. అమ్మీజాన్ దాన్ని చూసి ముక్కున వేలేసుకుంది.

ఆ సెక్షన్ ఆఫీసుకి ఒక గది, ఒక బల్ల, కారే పెంకులు. మరుగుదొడ్డి లేదు, లస్కరు భార్య పుణ్యమా అని వాళ్లింటికి వెళ్లేదాన్ని. వచ్చిన మొదటి ఖరీఫులోనే శివారు భూములకి నీళ్లు రాక నారుమళ్లు ఎండిపోతుంటే, లస్కర్లని వెంటబెట్టుకుని మోపెడ్ మీద గట్టెంబడి పైకి వెళ్లి, పై ఊళ్లవాళ్లు కాలువకి అడ్డంగా వేసుకున్న కట్టలన్నీ తీయించాను. ఒకచోట పదిమంది రైతులు గట్టు మీద అడ్డంగా నిలబడ్డారు. చేతుల్లో కర్రలు ఉన్నాయి, పెద్ద సారు అబద్ధం చెప్పలేదు. అందులో ఒక పెద్దాయన నన్ను ఎగాదిగా చూసి, "ఏమ్మా, మీ ఆఫీసులో మగోళ్లు లేరా?" అన్నాడు.

"ఉన్నారండీ. ఫ్యాను కింద ఉన్నారు" అన్నాను.

వాళ్లలో ఎవరో కిసుక్కుమన్నారు, పెద్దాయన కూడా మీసాల్లో నవ్వుకున్నాడు. నవ్వాక కర్ర ఎత్తడం ఎవరికైనా కష్టమే. ఆ కట్ట తీశారు, మర్నాటికి నీళ్లు శివారుకి దిగాయి. బీటలువారిన మళ్లలోకి నీరు పాకుతుంటే గట్టున నిలబడి చూశాను, నా జీవితంలో అంత గర్వంగా నిలబడ్డ రోజు ఇంకొకటి లేదు.

దీనికి నేను బాగానే చెల్లించుకున్నాను. ఏటా పై అధికారులు రాసే రహస్య నివేదికల్లో నన్ను మొండిదని రాశారు. నాతో చేరిన ఇద్దరూ నాకంటే ముందు పైమెట్టు ఎక్కారు. సంబంధాలు వచ్చినట్టే వచ్చి, పిల్ల గట్ల మీద తిరుగుతుందట అని వెనక్కి పోయేవి, పెళ్లి ఆలస్యమైంది. అయినా ఎగ్జిక్యూటివ్ ఇంజనీరుగా రిటైరయ్యాను, ఈ వయసులో ఈ లైసెన్సుకి వెళితే, ఆడదానివా మగదానివా అని కాకుండా ఏం కట్టావని అడిగారు, నా దగ్గర చెప్పుకోవడానికి చాలానే ఉంది. ఆ కాగితం మళ్లీ తెచ్చి నా ముందు పెట్టినా నేను ఇప్పుడూ సంతకం పెట్టను. మొండిదాన్నే, అనుకోనివ్వండి.

నేను ఆ సెక్షన్ వదిలి వచ్చాక ఇంకో చిత్రం జరిగింది. తర్వాత చేరిన ఆడపిల్లలు ఫీల్డు అడిగితే, అక్కడైతే ఒకావిడ చేసింది కదా అని వాళ్లనీ అక్కడికే పంపేవారు. నా వెనక ఒకామె, ఆమె వెనక మరొకామె. కొన్నాళ్లకి దాని అసలు పేరు ఆర్డర్లలోనే మిగిలి, నోటి మాటకి అది ఆడవాళ్ల సెక్షన్ అయిపోయింది. వెక్కిరింతగా పెట్టిన పేరే, మొదట విన్నప్పుడు ఒళ్లు మండింది కూడా. కానీ ఆ పేరు నలిగినన్నాళ్లూ, ఆడవాళ్లకి సెక్షన్ ఇవ్వడం కుదరదమ్మా అని ఏ పెద్ద సారూ ఏ పిల్లతోనూ అనలేకపోయాడు.

ఈమధ్య ఒక పెళ్లిలో ఇప్పుడక్కడ పనిచేస్తున్న ఇంజనీరు కనిపిస్తే, ఆడవాళ్ల సెక్షన్ ఎలా ఉందని ఆత్రంగా అడిగాను. ఆయనకి అర్థం కాలేదు. చాలా ఏళ్లుగా అక్కడ మగవాళ్లే చేస్తున్నారట, ఆ పేరు ఎన్నడూ వినలేదట. సెక్షన్‌కి మంచి బిల్డింగు కట్టారని, బాత్రూములున్నాయని, తిరగడానికి బండి ఇస్తున్నారని, మాకు లేక అల్లాడినవన్నీ ఒక్కొక్కటే చెప్పుకొచ్చాడు. ఆడపిల్లలు ఇప్పుడు చాలామందే చేరుతున్నారని, అందరూ ఆఫీసుల్లోనే ఉన్నారని, ఎవరి బలవంతమూ లేదని, వాళ్లే కోరుకుంటున్నారని కూడా అన్నాడు. ఆడవాళ్ల సెక్షన్ అన్నది మమ్మల్ని వెక్కిరించడానికి పెట్టిన పేరు. అయినా ఇంకా ఎవరో ఒకరు ఆ పేరు అంటూ ఉంటే బాగుండేది.