నా కంప్యూటర్ల ఎవరి కావలి?

బొగ్గుబాయిల డ్యూటీ చేసి రిటైరైనంక కొనుక్కున్న కంప్యూటర్ అది. మొన్న మొరాయిస్తే గోదావరిఖనిల రిపేరు దుకాణానికి మోసుకపోయిన.

"కాకా, దీంట్ల సెక్యూరిటీ చిప్పుంది. అది ఆన్ చేస్తెనే కొత్త సాఫ్ట్‌వేర్ ఎక్కుతది" అన్నడు దుకాణపాయన.

"అదేం చేస్తది?"

"లోపటికి ఏది రావాల్నో, ఏది రావద్దో చూస్తది. నీ మంచికే."

నీ మంచికే అన్న మాట ఇని ఇని యాష్టకొచ్చింది. నా సామాన్ల నన్నడగకుండ కావలి పెట్టుడేంది?

తనిఖీ నాకు కొత్త కాదు. ప్రతి షిఫ్టుకు బాయి దిగేముందు చేతులు లేపి నిలబడేటోళ్లం. బీడీలు, అగ్గిపెట్టెలు ఉన్నయేమోనని ఒకాయన జేబులు తడిమేటోడు. లోపట గ్యాసుంటది, ఒక్క అగ్గిపుల్ల చాలు. ఆయన సొంత తమ్ముడు గూడ మా షిఫ్టే. అందరికంటె ముందు ఆ తమ్ముని జేబులే తడిమేటోడు. అందుకే నేనెన్నడు ఎదురు చెప్పలె.

"మరి ఈ చిప్పు పెట్టినోని తమ్ముడు ఎవడన్న మనతోని దిగుతుండా?" అనడిగిన.

దుకాణపాయన కీబోర్డు మీద చెయ్యి పెట్టిండు. "ఆన్ చెయ్యాల్నా, వద్దా కాకా?"

దాన్ని రిపేరు కాకుండనే మళ్ల ఇంటికి మోసుకపోయే ఓపిక లేదు. కానియ్ అన్న. చేతులు లేపుడు అలవాటైన పానమాయె.