మా పిన్ని ఇచ్చిన వాంగ్మూలం

మా పిన్ని పోయిందని కొత్తపేట నుంచి బాబాయి ఫోన్ చేసేసరికి నేను అమలాపురంలో పాఠాలు చెప్పే బడికి బయల్దేరుతున్నాను. నిద్రలోనే గుండె ఆగిపోయిందట. నేను వెళ్ళేటప్పటికి వీధంతా వాళ్ళ వాకిట్లోనే ఉంది. వచ్చినవాళ్ళు వచ్చినట్టు "పాపం, కాలు పోగొట్టుకుని ఎంత అవస్థ పడిందో" అంటున్నారు. నాకు ఒళ్ళు మండింది. ఆ 'పాపం' అనే మాట తన ముందు ఎవరైనా అంటే పిన్ని ఊరుకునేది కాదు. ఇప్పుడు తను బదులు చెప్పలేదు కనక నేను చెబుతున్నాను.

పిన్ని జాకెట్లు కుట్టేది. మెళ్ళో టేపు, పెదాల మధ్య గుండుసూదులు, వాటి సందులోంచే మాటలు. బిగుతుగా కుట్టమని పట్టుబట్టే ఆడపిల్లలతో, "నీ ఒంటికి తగ్గట్టు జాకెట్టు కుడతాను గానీ, జాకెట్టు కోసం నిన్ను ఊపిరి బిగబట్టమనను" అనేది. శుక్రవారం ఇస్తానంటే శుక్రవారం ఇవ్వాల్సిందే. ముందుగా కావాలని బతిమాలినా ఒప్పుకునేది కాదు.

ఒక సాయంత్రం అమలాపురంలో లైనింగు గుడ్డలు కొనుక్కుని, కొత్తపేటలో బస్సు దిగి, రోడ్డు వారగా నడుస్తోంది. ఎదురుగా వచ్చిన కారు రోడ్డు దిగి వచ్చి మరీ గుద్దేసింది. స్టీరింగు దగ్గర కూర్చున్నది ఎవరో పిన్ని కళ్ళారా చూసింది. ఊళ్ళో పలుకుబడి ఉన్న ఒక పెద్దమనిషి కొడుకు. లైసెన్సు లేని కుర్రాడు. వాళ్ళమ్మకి జాకెట్లు కుట్టేది పిన్నే.

కుడికాలు మోకాలి కింద తీసేశారు. యాక్సిడెంటు కేసు కాబట్టి ఆస్పత్రివాళ్ళు పోలీసులకి కబురు చేశారు. పోలీసుల కంటే ముందు ఆ పెద్దమనిషి బత్తాయిలు పట్టుకుని వచ్చాడు. నేను మంచం పక్కనే ఉన్నాను.

"జరిగిందేదో జరిగిపోయిందండి. పిల్లాడి భవిష్యత్తు పాడైపోద్ది. మా డ్రైవరు నడిపేడని చెప్పండి చాలు. ఆడికి లైసెన్సుంది. ఇన్సూరెన్సోళ్ళు పేచీ లేకుండా ఇచ్చేస్తారండి. మీకే మంచిది."

"మీ డ్రైవరు కార్లో లేడు కదండీ."

"ఆడు ఒప్పుకున్నాడండి."

"నేను ఒప్పుకోలేదండి. బత్తాయిలు పట్టుకెళ్ళండి" అని పిన్ని గోడవైపు తిరిగింది.

ఆయన వెళ్ళాక మా అమ్మా బాబాయీ చెరోవైపు చేరారు. లైసెన్సు లేనివాడు నడిపాడంటే బీమా కంపెనీ అసలే ఇవ్వనంటుందని, కాలూ పోయి చేతికేమీ రాకపోతే ఎలాగని బాబాయి భయం. అందులో అబద్ధం లేదు. పిన్ని అంతా విని, "నొప్పి నాది. మాట కూడా నాదే" అంది.

మర్నాడు ఆ డ్రైవరే వచ్చాడు. లోపలికి రాకుండా గుమ్మం దగ్గరే నిలబడ్డాడు.

"అమ్మగారండీ, నా పేరే చెప్పేయండి. మా అయ్యగారు నన్ను చూసుకుంటానన్నారండి."

"పిల్లలున్నారా నీకు?"

"ఆయ్, ఇద్దరండి."

"మీ నాన్న ఎవరినో గుద్దేసేడంట కదా అని రేపు బళ్ళో అడిగితే వాళ్ళేం చెప్పాలి?"

పిన్నే మళ్ళీ అంది:

"చెయ్యని పని నెత్తినేసుకుంటానంటావు. నేనెందుకెయ్యాలి నీ నెత్తిన? ఎల్లు నాయనా, ఇంటికెల్లు."

ఆ మధ్యాహ్నం హెడ్ కానిస్టేబులు వచ్చి వాంగ్మూలం రాసుకున్నాడు. పిన్ని దాన్ని చదివి వినిపించమంది. 'కారు నడుపుచున్న వ్యక్తి' అన్నచోట ఆపి, "ఆ వ్యక్తికి పేరుందండీ, అది రాయండి" అంది. ఆయన ఒకసారి పిన్ని మొహంలోకి చూసి, పేరు రాశాడు. అప్పుడు సంతకం పెట్టింది.

అమలాపురంలో మా కేసు చూసిన లాయరమ్మ ఏదీ దాచలేదు. "మీరు నిజం చెప్పేరు, కానీ దాంతో మన పని కష్టమైంది. లైసెన్సు లేదని కంపెనీ తప్పుకోవాలని చూస్తుంది. ముందు కంపెనీ కట్టి, తర్వాత కారు యజమాని దగ్గర వసూలు చేసుకోమని కోర్టు చెప్పొచ్చు. చెప్పకపోవచ్చు కూడా అండి" అంది.

"చెప్పకపోతే మళ్ళీ కుట్టుకుంటానండి. వెయ్యండి కేసు" అంది పిన్ని.

వాయిదాల మీద వాయిదాలు. పెట్టుడుకాలు ఒరుసుకుని పుండయ్యేది. అయినా ఆటోలో నా పక్కన కూర్చుని, దారిలో కనిపించిన ప్రతి జాకెట్టుకీ వంక పెట్టేది. మధ్యలో ఎంతో కొంతకి రాజీ పడదామని కబుర్లొచ్చాయి. నడిపిందెవరో ఒప్పుకుంటే మాట్లాడదామని తిప్పి పంపింది.

కోర్టులో కంపెనీ లాయరు, "మీరు కుట్టేది చేతులతో కదా, కాలు పోతే సంపాదన ఎలా పోతుంది?" అని అడిగాడు.

"మిషను తొక్కేది కాలితోనండి" అంది పిన్ని.   బోనులో చెక్కని పట్టుకున్న వేళ్ళు తెల్లబడిపోవడం నేను చూశాను.

కారు యజమాని అయిన ఆ పెద్దమనిషి మాత్రం డ్రైవరే నడిపాడని పట్టుపట్టి, అతన్నే సాక్షిగా తెచ్చాడు. అతను ఇస్త్రీ చొక్కా వేసుకొచ్చాడు, కొత్తదిలా ఉంది. ఆ రోజు కారు నడిపింది మీరేనా అని యజమాని లాయరు అడిగాడు. అతను యజమాని వైపు చూశాడు. తర్వాత పిన్ని వైపు చూశాడు.

"నేను కాదండి. ఆ పూట మా ఇంట్లో ఉన్నానండి."

పక్కనే ఉన్న బాబాయి నా చెయ్యి పట్టుకున్నాడు. పిన్ని కళ్ళు తుడుచుకుంది. కాలు తీసేసిన రోజున కూడా తను ఏడవడం నేను చూడలేదు.

చివరికి లాయరమ్మ చెప్పిన దారే నిలబడింది. పిన్నికి పరిహారం ముందు కంపెనీ కట్టాలని, దాన్ని యజమాని దగ్గర రాబట్టుకోవాలని తీర్పొచ్చింది. కోర్టు వరండాలో ఆ పెద్దమనిషి ఎదురుపడి, "మొత్తానికి అనుకున్నది సాధించేరు" అన్నాడు. "సాధించిందేం లేదండి. నడిపినోడి పేరే కాగితంలో ఉంది" అంది పిన్ని. పని మానుకున్న ఆ డ్రైవరుని బాబాయి రావులపాలెంలో తెలిసినవాళ్ళ లారీలో పెట్టించాడు.

తర్వాత చుట్టుపక్కల ఎవరికి దెబ్బ తగిలినా పిన్ని దగ్గరకి వచ్చేవాళ్ళు. ఒక్క కాలితోనే మిషను తొక్కుతూ, తల ఎత్తకుండా చెప్పేది: "ఆస్పత్రిలో యాక్సిడెంటనే రాయించు. జారిపడ్డానని నీ చేత ఎవరూ అనిపించకుండా చూసుకో. చదవని కాగితం మీద సంతకం పెట్టకు. బిల్లు చీటీలు పారెయ్యకు. జాలి పడేవాళ్ళని కాఫీ ఇచ్చి పంపించెయ్. నీకు రావలసింది జాలి కాదు." ఇలా చెప్పించుకుని వెళ్ళినవాళ్ళు మొన్న ఆ వాకిట్లో చాలామందే ఉన్నారు. వాళ్ళు మాత్రం 'పాపం' అనలేదు.

నేను ఆవిడని ఆఖరుసారి చూసింది కొత్తపేట సెంటర్లో. కూరలు కొనుక్కుని రోడ్డు దాటుతోంది. ఒక కారు దగ్గరదాకా వచ్చి హారను మీద హారను కొడుతోంది. పిన్ని నడక తొందర చెయ్యలేదు. నడిరోడ్డు మీద ఆగి, చేతికర్ర పైకెత్తి కారుకి అడ్డంగా చాపి, వెనక సందేహిస్తూ నిలబడిపోయిన వాళ్ళని రమ్మని తలూపింది. పాలక్యాన్లు పట్టుకున్న ఒకావిడ, పిల్లని చంకనేసుకున్న ఇంకొకావిడ, సైకిలు నడిపించుకుంటూ ఒక ముసలాయన ఒకరి వెనక ఒకరు దాటారు. హారను ఆగిపోయింది. ఆ చివరి మనిషి కూడా అవతలికి చేరేదాకా పిన్ని చెయ్యి దించలేదు.