తూర్పు వంకలో వెలసిన స్కేలు

మా వాటర్‌షెడ్ పథకం ఆఫీసు కోలారు బంగారు గనుల్లో, దొరల కాలంనాటి ఒక బంగళాలో ఉండేది. గనులు మూతపడ్డాక ఆ బంగళాను గబ్బిలాలు వద్దనుకుంటే మాకిచ్చారు. ఉన్న ఒక్క ఫ్యానూ కంప్యూటర్ వైపే తిరిగి ఉండేది. మాకు చెమట పడితే తుడుచుకుంటాం, దానికి పడితే ప్రభుత్వమే కూలిపోతుందని మా ఆఫీసరు గారి నమ్మకం.

మా తాతలు భూమిలోకి ఎంత లోతు దిగారంటే, ఇంకో బారెడు తవ్వి ఉంటే అవతలి దేశంవాళ్ళు నిద్రలేచి తిట్టేవారు. ఆ వంశంలో, ఆండర్సన్‌పేటలో పుట్టిన నా ఉద్యోగమేమో, కురిసిన వానలో ఎంత నేల తాగుతుందో, ఎంత వంకలోకి పారుతుందో కుర్చీలోంచి లేవకుండా చెప్పడం. దానికోసం ఒక కంప్యూటర్ మోడల్ తయారు చేశాను. నా మోడల్లో ఒక్కో వంకకూ నీళ్ళొచ్చే నేలంతా ఒకటే కుండ. పైనుంచి వాన పోస్తే కుండ తాగినంత తాగి మిగతాది కక్కుతుంది.

మాలూరు నుంచి రోజూ రైల్లో వచ్చే నా సహోద్యోగికి ఈ కుండంటే గిట్టేది కాదు. అతని మోడల్ నేలను చదరంగం గళ్ళలాగా కోసి, ఒక్కో గడినీ పిలిచి నువ్వెంత తాగుతావని అడిగేది. ఆ గళ్ళన్నీ జవాబు చెప్పేలోపు అతను మాలూరు వెళ్ళి, భోంచేసి, నిద్రపోయి, గడ్డం గీసుకుని తిరిగి వచ్చేవాడు. మొదటిసారి నడిపినప్పుడు ఆ మోడల్ గనుల మట్టిదిబ్బలను హిమాలయాలనుకుని, వాటిలోంచి ఒక జీవనదిని పారించింది.

"నదికి పేరు కూడా పెట్టు గురూ, పుష్కరాలు చేద్దాం" అన్నాను.

"నీ కుండకు ముందు మూత పెట్టప్పా" అన్నాడతను.

ఇలా ఉండగా ఆవని దగ్గర ఒక పల్లెకు ఒక చెక్‌డ్యాం మంజూరైంది. ఊరికి తూర్పున ఒక వంక, పడమర ఒక వంక. నీళ్ళెక్కువ పారేదాని మీద కట్టాలి. నా కుండలు తూర్పన్నాయి, అతని గళ్ళు పడమరన్నాయి. రెండు వంకల్లోనూ నీటిమట్టం కొలిచే స్కేళ్ళు పాతమని, వాన వచ్చాక ఎవరి లెక్క నిజమైతే వారి వంకకే డ్యామని ఆఫీసరు గారు తీర్పు చెప్పారు.

తూర్పు వంక ఒడ్డున ఒక రైతమ్మ మల్బరీ తోట వేసి పట్టుపురుగులు పెంచేది. బావి అడుగంటింది, ఆకు పండుబారుతోంది. డ్యాం తూర్పుకు వస్తే బావి ఊరుతుంది. పడమరకు పోతే పురుగులకు మేత ఉండదు, షెడ్డుకు తాళమే. అందుకని స్కేళ్ళు పాతడానికి వెళ్ళినరోజు మాకు రాగిముద్ద పెట్టి విచారణ మొదలుపెట్టింది.

"ఇంగ మీ పెట్టె ఏమంటా ఉండాదప్పా?"

"తూర్పే అంటోందమ్మా."

"ఆయప్ప పెట్టె?"

"పడమర."

ఆమె మొగుడి వైపు తిరిగి, "ఆయప్పకు ఇంగో ముద్ద వెయ్యి" అంది.

నా సహోద్యోగి చెయ్యి అడ్డం పెట్టాడు. "ముద్దకూ మోడల్‌కూ సంబంధం లేదమ్మా!"

"లేకుంటే పోనీ. తినేదానికేమప్పా?"

ఆ ముద్దకు ప్రత్యేకంగా ఒక పంచాయతీ పెట్టవచ్చు, అంత ఉంది. అతను తిన్నాడు. గళ్ళు మాత్రం మారలేదు.

ఆ సాయంత్రమే నాలుగు చినుకులు పడ్డాయి. రాయి పాతిన రోజే చినుకు పడితే, మా పల్లెల్లో ఆ రాయిని ఊరికే వదలరు. రైతమ్మ స్కేలును కడిగి, పసుపు పూసి, అంకె అంకెకూ కుంకుమ బొట్టు పెట్టింది. శుక్రవారం ఇరుగుపొరుగు వచ్చారు. స్కేలేమో వంక నడుమ ఉంది, నీళ్ళొస్తే ప్రదక్షిణకు చోటుండదు. అందరూ కలిసి ఈ గట్టు నుంచి ఆ గట్టు దాకా, స్కేలు చుట్టూ తిరిగేంత వెడల్పున, రాళ్ళూ బంకమట్టీ పోసి కట్ట కట్టారు. మాకిదేమీ తెలియదు. మేం బంగళాలో కుండ గొప్పదా గడి గొప్పదా అని గొంతులు చించుకుంటున్నాం.

చివరికి వాన వచ్చింది. సముద్రం సెలవు పెట్టి మా జిల్లాకు వచ్చిందా అన్నట్టు కురిసింది. ఆఫీసరు గారితో కలిసి వెళ్ళి చూస్తే, పడమటి స్కేలు మర్యాదగా లెక్క చెప్పింది. తూర్పున కట్ట దిగువకు చుక్క పారలేదు. కట్ట వెనక మడుగు నిండి ఉంది. నీళ్ళెంత ఎక్కాయో చెప్పే అంకెలు సగం కట్టలో, సగం కుంకుమ కింద ఉన్నాయి.

"ఇదేందమ్మా! ఎవురు కట్టమనిరి?" అని అరిచాడు నా సహోద్యోగి.

"చుట్టూ తిరగాల గదప్పా. యాడ తిరగాల, నీళ్ళల్లోనా?"

ఆఫీసరు గారు గొడుగు కిందినుంచే కట్టను కాలితో తట్టి చూశారు. తూర్పు వంకలో ఇప్పటికే ఒక నిర్మాణం ఉంది కనుక డ్యాం పడమరకే అన్నారు. మోడళ్ళు రెండూ తృప్తికరమని రాయమన్నారు.

రైతమ్మ ముఖం వాడిపోయింది. "మట్టి కట్ట సామీ అది. ఇంగొక వాన వస్తే కొట్టుకొని పోతాది."

"రూలు ప్రకారం నిర్మాణమేనమ్మా" అని ఆయన జీపెక్కారు.

పడమర గెలిచిన నా సహోద్యోగి పండగ చేసుకుంటాడనుకున్నాను. వారం తిరక్కుండా ఆ కట్ట దగ్గరికి మాలూరు నుంచి ఒక ట్రాక్టరు వచ్చింది. నిండా వాళ్ళ మామ బట్టీలో మాడిపోయి అమ్ముడుపోని ఇటుకలు.

"గెలిచినోడికి ఈ కర్మ ఎందుకు గురూ?" అన్నాను.

"జాలి అనుకోవద్దప్పా. నా గళ్ళల్లో యాడా ఈ కట్ట లేదు. రాత్రి పెట్టి చూసినాను, లెక్క సరిపోయింది. ఇంగ ఇది కొట్టుకొని పోతే నా లెక్క మళ్ళా తప్పుతాది."

ఆ అబద్ధాన్ని గౌరవించి నేనూ ఇటుకలు మోశాను. నేను మోసినవాటితో చైనా గోడకు రెండో అంతస్తు వేయవచ్చు. ఊరివాళ్ళు కట్టకు రెండు వైపులా ఆ ఇటుకలు పేర్చి బిగించారు.

తరవాతి వానలకు కట్ట నిలిచింది. బావిలో ముందు చెమ్మ, తరవాత నీళ్ళు. ఆకు పచ్చబడిందని కబురొస్తే ఒక ఎండ మధ్యాహ్నం ఇద్దరం వెళ్ళాం. రైతమ్మ షెడ్డులోని తట్టల నిండా లేత ఆకు పరిచి, మమ్మల్ని గుమ్మంలో కూర్చోబెట్టి, కాఫీ తేవడానికి లేచింది. లోపల సన్నగా మొదలైన చప్పుడు కాసేపటికి జోరందుకుంది.

"వాన!" అని నా సహోద్యోగి చెప్పులు కూడా వేసుకోకుండా, స్కేలు చూడటానికి వంకకేసి పరిగెత్తాడు. బయట ఆకాశంలో మబ్బుతునక లేదు.

రైతమ్మ తట్టలవైపు చూసి, తలుపు దగ్గరికి వచ్చి, మండుటెండలో పరిగెత్తుతున్న అతన్ని చూసింది.

"పురుగులు ఆకు మేస్తా ఉండాయి. ఆయప్పను లోపలికి పిలవప్పా, తడిసిపోతాడు."