ముందు చెత్తబుట్ట చూపించండి

ఎవరింటికి వెళ్ళినా అందరూ మంచినీళ్ళు అడుగుతారు, మా బాబాయి చెత్తబుట్ట అడుగుతాడు. కాలేజీలో జువాలజీ చెప్పి రిటైరయ్యాడు గానీ ఈగల పాఠం మాత్రం ఆపలేదు. నా పెళ్ళయిన కొత్తలో మా అత్తారింటికొచ్చి, కుర్చీలో కూర్చోకుండానే, "ముందు చెత్తబుట్ట చూపించండి బావగారూ!" అన్నాడు. మా మామగారు ఇప్పటికీ ఆ మాట తలచుకుని నావంక అదోలా చూస్తారు. బాబాయి వస్తున్నాడంటే మా వీధిలో ముందు బుట్ట కడుక్కుని, ఆ తర్వాతే తలుపు తీస్తారు.

ఈగను కొట్టబోతే చెయ్యి పట్టుకుంటాడు.

"దాన్ని చంపితే ఏమొస్తుందే? ఎక్కడ పుట్టిందో కనుక్కో. అదిగో, నీ కంచం మీద వాలింది, కాళ్ళతో రుచి చూస్తోంది. ఇప్పుడు ఉమ్మేసి, కరిగించి, పీలుస్తుంది. పళ్ళు లేవుగా పాపం!"

"బాబాయ్, నేను తింటున్నాను!"

"అదీ తింటోంది!"

వీధి చివర ఒక ముసలావిడ చిన్న హోటల్ నడుపుతోంది. మేమంతా పెద్దమ్మ అంటాం. హోటల్ తప్ప ఆవిడకు వేరే ఆధారం లేదు. ఆమధ్య శానిటరీ ఇన్‌స్పెక్టరు వచ్చి, ఈసారి ఈగలు కనిపిస్తే మూయిస్తానని గట్టిగా చెప్పి వెళ్ళాడు. మర్నాటి నుంచీ బాబాయి ఒక గాజుసీసా పట్టుకుని రోజూ పొద్దున్నే అక్కడ ప్రత్యక్షం.

"అక్కయ్యా, పరిశోధనకి ఈగ పురుగులు కావాలి. నీ చెత్తబుట్ట ఇలా ఇయ్యి!"

హోటల్లో వాళ్ళంతా నవ్వేవారు. నాకు తల కొట్టేసినట్టయ్యేది. ఇక ఉండబట్టలేక ఒకరోజు వెంటపడ్డాను. బాబాయి చెత్తంతా మలుపులోని మున్సిపాలిటీ డబ్బాలో దులిపేసి, కుళాయి కింద బుట్ట రుద్ది రుద్ది కడిగాడు. సీసా మూత తియ్యనే లేదు.

"పురుగులేవి బాబాయ్?"

"ఉంటేగా! ఈగ ఈవేళ గుడ్డు పెడితే రేపటికి పురుగు. రోజూ ఎత్తేస్తుంటే ఇంక పురుగెక్కడిది, ఈగెక్కడిది?"

"మరి సీసా ఎందుకు?"

"మెల్లగా మాట్లాడవే! అక్కయ్యకు చూపు ఆనట్లేదు. బుట్ట అడుగున మిగిలింది కనబడదు. ఆ మాటంటే చిన్నబుచ్చుకుంటుంది. నన్ను పిచ్చోడనుకుంటే నాకేం పోయింది?"

నాకు బాబాయి మీద ఎక్కడలేని ప్రేమ పుట్టుకొచ్చింది.

ఇన్‌స్పెక్టరు మళ్ళీ వచ్చాడు. వంటగదంతా కలియతిరిగి, ఒక్క ఈగా కనబడక, టీ తాగి వెళ్ళిపోయాడు. ఆ సాయంత్రం పెద్దమ్మ నన్ను పక్కకు పిలిచింది.

"రోజూ చెత్త ఎత్తడానికి మనిషిని పంపిస్తానన్నాడమ్మా ఇన్‌స్పెక్టరు. వద్దన్నాను."

"అదేంటి పెద్దమ్మా?"

"మీ బాబాయి సంగతి తెలిసిందేగా. నా చెత్తబుట్ట లేకపోతే పాపం, ఆ పిచ్చిమనిషికి పొద్దెలా పోతుంది?"