లోలకానికి అల్లం రోకలి

చాయ్ చప్పగుందని మొహం గట్ల పెట్టకుండ్రి. నిన్నటి సంది మా ఇంట్ల అల్లం బంద్. కారణం ఫిజిక్స్. అంటే నేనే.

సంగారెడ్డిల మా కాలేజీ ప్రిన్సిపాల్ సార్‌కు నా ల్యాబ్ రూమ్ మీద కన్ను పడ్డది. "కంప్యూటర్ల సిమ్యులేషన్ ఉంటె చాలు సార్. రూమ్ క్లాసుకు ఇచ్చెయ్యుండ్రి" అన్నడు. ఇన్నేండ్ల నౌకరీల నాకంటూ మిగిలింది ఆ రూమొక్కటే. ఊకుంటనా? "సిమ్యులేషన్ ఉత్త బొమ్మ! అసలు ప్రయోగాన్నే దూరంకెల్లి నడిపి చూపిస్త" అన్న. ఇంట్ల గూడ వారమంత ఇదే పురాణం. సిమ్యులేషన్ అంటె ఉన్నదనుకునుడు, ప్రయోగమంటె నిజంగ ఉండుడు!

బీరంగూడల మా ఇంటి ఎనుక రూమ్‌ల లోలకం కట్టిన. గుంజి వదలనీకి చిన్న మోటర్, ముంగట పాత ఫోన్ కెమెరా. ల్యాబ్‌ల దారానికి కట్టే గుండు ఎప్పుడో మాయమైంది. వంటింట్ల అల్లం దంచే చిన్న ఇనుప రోకలి కనబడ్డది. బరువు మంచిగుంది. మా ఆమెను అడగాల్నా? అడగలే.

నిన్న క్లాసుల తెర పెట్టి, సార్‌ను కూసోబెట్టి, బటన్ నొక్కిన. బీరంగూడల రోకలి ఊగింది!

"గ్రాఫిక్స్ మంచిగున్నయ్ సార్" అన్నది ఎనుక బెంచి పిల్ల.

పానం ఉసూరుమన్నది. "గ్రాఫిక్స్ కాదమ్మా, అసలుది! సిమ్యులేషన్‌ల రాసిపెట్టిందే జరుగుతది. అసలు దాంట్ల ఏదన్న జరగొచ్చు."

జరిగింది. తెర మీదికి మా ఆమె వచ్చింది. నైటీల. చేతిల అల్లం ముక్క. ఊగే రోకలిని ఆపి, దారం ముడి ఇప్పబట్టింది. జల్దీ ఫోన్ కొట్టిన. పరేషాన్‌ల స్పీకర్ గూడ నొక్కిన.

"ముట్టకు!"

"ఏది?"

"రోకలి!"

ఆమె తలుపు ఎనుక చూసింది. మంచం కింద చూసింది. "యాడ దాక్కున్నరు?"

"కాలేజీల ఉన్న. నువ్వు తెర మీద కనబడుతున్నవ్. క్లాసంత చూస్తున్నది."

కెమెరా మీద తువ్వాల పడ్డది. తెరంత చీకటి.

"సార్, టైమ్ పీరియడ్ ఎంతని రాసుకోవాలె?" అదే పిల్ల.

ప్రిన్సిపాల్ సార్ నవ్వి నవ్వి కండ్లు తుడుసుకున్నడు. "నమ్మిన సార్, అసలుదే. ఇసొంటిది ఎవ్వడు ప్రోగ్రామ్ రాయలేడు. రూమ్ మీరే ఉంచుకోండ్రి. సామాను మాత్రం ఇంట్ల పెట్టకుండ్రి."

గెలిచిన! పటాన్‌చెరు ట్రాఫిక్‌ల బస్సుల నిలవడి, నడుములు ఇరిగి, ఇల్లు చేరిన. మా ఆమె వంటింట్లకెల్లి వచ్చింది. చాయ్ కప్పు ముంగట పెట్టింది. రోకలి లోలకానికే ఏలాడుతున్నది.

"అల్లమేది?"

"ఉన్నదనుకొని తాగుండ్రి. సిమ్యులేషన్."

తాగిన. ఏం జేస్త? ఇన్నేండ్ల నౌకరీల నా పాఠం పూర్తిగ అర్థమైంది ఆమె ఒక్కదానికే.